కొత్త కెమెరా సంగతి తర్వాత, ముందు ఆ డిస్కు సంగతి చూడండి

ప్రశ్న: నరసరావుపేటలో ఆరేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. కెనాన్ 6డి మార్క్ 2, 24-70, 85 లెన్సులు ఉన్నాయి. ఏడాదికి 20 దాకా పెళ్లిళ్లు చేస్తాను. రెండు రోజుల ప్యాకేజీ 65,000. అందులో వీడియోగ్రాఫర్‌కు రోజుకు 6,000, అసిస్టెంట్‌కు 2,000, రెండు ఆల్బమ్‌లకు డిజైన్‌తో కలిపి 17,000, వీడియో ఎడిటింగ్‌కు 7,000 పోతాయి. మొన్నటి సీజన్‌లో వరసగా దెబ్బలు తగిలాయి. ఆల్బమ్‌లు నా ల్యాప్‌టాప్‌లో కనబడినదానికంటే ముదురుగా, పెళ్లికూతుళ్ల మొహాలు ఎర్రగా వస్తున్నాయి. ఒకాయన ఆల్బమ్ తిప్పి పంపాడు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టేబుల్ మీద నుంచి పడి టక్ టక్ మంటోంది. అందులో మూడు పెళ్లిళ్లు ఉన్నాయి, ఒకదానికి ఆల్బమ్ కూడా వేయలేదు. నాలుగిళ్లలో కలిపి లక్షా పది వేలు రావాలి. అందరూ మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) మారమంటున్నారు. కెనాన్ ఆర్6 మార్క్ 2, పాత లెన్సులు దానికి తగిలించే అడాప్టర్, ఒక లెన్సు కలిపి 2,60,000 అవుతుందట, 14 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ. మా బావమరిదేమో డ్రోన్ కొందామంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: డిస్కుతో మొదలుపెడదాం. మిగతావి రేపు చూసుకున్నా ఫరవాలేదు, ఇది ఆగదు.

టక్ టక్ మంటున్న డిస్కును ఇంకొక్కసారి కూడా కంప్యూటర్‌కు తగిలించకండి. లోపల డేటా చదివే హెడ్‌కు తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి మొదలుపెడుతుంటే వచ్చే చప్పుడది. హెడ్ దెబ్బతిని ఉంటే డిస్కు తిరిగే ప్రతి నిమిషం ప్లేటర్ (డేటా ఉండే పళ్లెం) మీద గీతలు పడే ప్రమాదం ఉంది, గీత పడ్డ చోట డేటాను ఎవరూ తీయలేరు. ఫ్రీజర్‌లో పెట్టి తీయమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. బయటికి తీయగానే తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు డిస్కు బాగుండి ఫైళ్లు చెరిగిపోయినప్పుడు పనికొస్తాయి గానీ విరిగిన హెడ్‌కు కాదు. దగ్గర్లో ఉన్నాడని కంప్యూటర్ రిపేరు కుర్రాడితో మూత విప్పించొద్దు. క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ సంస్థకు పంపండి. విప్పకముందే అంచనా రాయించుకోండి, డేటా రాకపోతే ఎంత కట్టాలో కూడా అందులోనే రాయించుకోండి.

ఈలోగా ఖర్చు లేని వెతుకులాట ఒకటుంది. ఆల్బమ్ వేయని ఆ పెళ్లిని ఏ కార్డుల్లో తీశారో గుర్తుచేసుకోండి. కెమెరాలో మామూలుగా ఫార్మాట్ చేస్తే చెరిగేది ఫైళ్ల పట్టిక మాత్రమే. పైన కొత్త ఫోటోలు పడనంతవరకు పాతవి చాలాభాగం కార్డులోనే ఉంటాయి. ఆ కార్డుల పక్కన ఉండే చిన్న మీటను లాక్ వైపు జరిపి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో చదివించండి. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా వేరే డిస్కులో దింపుకోవాలి. ఫైళ్ల పేర్లు పోతాయి, ఫోటోలు వస్తాయి. వీడియోగ్రాఫర్ దగ్గర 4కె ఫుటేజ్ ఉంటే అందులోని ఒక్కో ఫ్రేము 3840×2160 పిక్సెళ్లు. 8×12 ప్రింటుకు అది సరిపోతుంది. కాకపోతే కదులుతున్న చేతులు అలుక్కుపోతాయి కాబట్టి నిలకడగా ఉన్న ఫ్రేములు ఏరుకోవాలి. మిగతా రెండు పెళ్లిళ్లకు డిజైనర్ కంప్యూటర్‌లో పేజీలు ఉండొచ్చు, ల్యాబ్‌లో ప్రింటు ఫైళ్లు ఉండొచ్చు. ల్యాబులు వాటిని ఎక్కువ రోజులు దాచవు, ఈ రోజే ఫోన్ చేయండి. ఆల్బమ్ రాని ఇంటివాళ్లకు కూడా వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే వెళ్లి చెప్పండి. పోయిందని కాదు, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పండి. ఆరు నెలలు ఫోన్ ఎత్తకపోతే వచ్చే కోపం వేరు.

వచ్చే సీజన్‌కు పద్ధతి మారాలి. మీ 6డి మార్క్ 2లో కార్డు స్లాటు ఒక్కటే. ఆ ఒక్క కార్డు పోతే ముహూర్తం పోయినట్టే. కాబట్టి 256 జీబీ కార్డు ఒకటి పెట్టుకుని పెళ్లంతా లాగించకండి. 64 జీబీవి నాలుగైదు ఉంచుకోండి. మీ కెమెరా రా ఫైలు (కుదించకుండా, మార్చకుండా దాచే పూర్తి ఫోటో డేటా) సుమారు 30 ఎంబీ అనుకుంటే ఒక్కో కార్డుకు రెండు వేల పైచిలుకు పడతాయి. కార్డు నిండిందా లేదా అని చూడకుండా ఘట్టాన్ని బట్టి మార్చండి: పెళ్లికొడుకును చేసేది ఒకటి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఒకటి, విందు ఒకటి. తీసిన కార్డు కెమెరా బ్యాగులో కాకుండా జేబులో, జిప్ ఉన్న చిన్న పర్సులో ఉండాలి, బ్యాగులు పోతుంటాయి. కొత్త కార్డు కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో చివరిదాకా నింపి చూడండి. పెట్టె మీద 128 అని ఉండి లోపల 32 మాత్రమే ఉండే నకిలీలు చాలానే తిరుగుతున్నాయి.

భోజనాల వేళ అసిస్టెంట్ ల్యాప్‌టాప్‌లో పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీకి కాపీ మొదలుపెట్టాలి. లాగి వదిలేసే కాపీ కాకుండా టెరాకాపీ లాంటి కాపీ ప్రోగ్రాంలో వెరిఫై ఆప్షన్ పెట్టి చేయండి, ఎక్కడ తేడా వచ్చినా అక్కడే చెబుతుంది. ఇంటికొచ్చాక రెండు హార్డ్ డిస్కులకు. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇదే: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. ఆ వేరే చోటు క్లౌడే కానక్కరలేదు. ఒక డిస్కు స్టూడియోలో, ఒకటి ఇంట్లో ఉంటే షార్ట్ సర్క్యూట్ అయినా, దొంగ పడినా ఒకటి మిగులుతుంది. ఎస్‌ఎస్‌డీని ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పెట్టొద్దు, చార్జ్ కారిపోయి డేటా పోవచ్చు. అది తిరిగే పనికి, హార్డ్ డిస్కు దాచే పనికి. రెండో కాపీ సరిచూసుకునేదాకా కార్డులు ఫార్మాట్ చేయకూడదు. నిల్వకు ఎంత చోటు కావాలో ముందే లెక్కేసుకోండి: మూడు వేల ఫోటోలు 90 జీబీ, సెకనుకు 100 మెగాబిట్ల 4కె వీడియో గంటకు 45 జీబీ. రెండు రోజుల పెళ్లిలో ఆరు గంటల వీడియో తీసినా 270.

ఇక ఆల్బమ్. ముదురుగా వచ్చిందని ల్యాబ్‌ను తిట్టేముందు ల్యాప్‌టాప్ వెలుతురు ఎంత పెట్టి ఎడిట్ చేస్తున్నారో చూసుకోండి. స్క్రీన్ తన వెలుతురు తనే ఇస్తుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురును తిప్పి పంపుతుంది. చాలా స్క్రీన్లు ఫుల్ బ్రైట్‌నెస్‌లో 250, 300 నిట్లు (స్క్రీన్ వెలుతురు కొలత) ఇస్తాయి. ప్రింటుకు ఎడిట్ చేసేటప్పుడు 100 నుంచి 120 చాలు. ఫుల్ బ్రైట్‌నెస్ పెడితే డల్‌గా ఉన్న ఫోటో కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు ఎక్స్‌పోజర్ పెంచరు, ల్యాబ్ ఉన్నదున్నట్టు ప్రింటు వేస్తుంది. ముదురుకు కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఎరుపుకు కారణం వేరు, అది ప్యానెల్‌లో ఉంది. మీ ల్యాప్‌టాప్ మోడల్ స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ చూపగల రంగుల కొలత) అని రాసి ఉంటుందేమో చూడండి, తక్కువ ధర వాటిలో ఎక్కువగా అదే. అంటే ఎస్‌ఆర్‌జీబీ (ఫోటోలకు మామూలుగా వాడే రంగుల పరిధి) రంగుల్లో అది చూపించేది సుమారు 60 నుంచి 65 శాతం. ఎర్ర పట్టుచీర అందులో వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. మీరు శాచురేషన్ పెంచుతారు. స్క్రీన్ మీద చీర అప్పటికి సరిపోయినట్టు కనబడుతుంది, ఫైల్లో మాత్రం ఎరుపు అవసరానికి మించి పేరుకుపోయి ఉంటుంది. ల్యాబ్ మెషీన్ దాన్ని దాచకుండా కాగితం మీదికి దింపుతుంది, చీరతో పాటు బుగ్గలు కూడా ఎర్రబడతాయి. కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగులను కొలిచి సరిచేసే పరికరం) కొంటే ఇది పోదు. లేని రంగులను కాలిబ్రేటర్ తెచ్చిపెట్టలేదు. ముందు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ చూపించే ఐపీఎస్ మానిటర్ ఒకటి తీసుకోండి, ఆ తర్వాత డేటాకలర్ స్పైడర్ గానీ కాలిబ్రైట్ గానీ ఒక కాలిబ్రేటర్. సెట్ చేయాల్సిన అంకెలు: తెలుపు రంగు 6500 కెల్విన్, మధ్య ఛాయల గామా 2.2, వెలుతురు 100-120 నిట్లు. స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ సెట్టింగ్ ఆపేయండి. ఎడిట్ చేసే గదిలో స్క్రీన్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు నేరుగా పడకూడదు.

తీసేటప్పుడే జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. ఎర్ర పట్టుచీర మీద మామూలు హిస్టోగ్రామ్ (కెమెరాలో వెలుతురు చూపే గ్రాఫు) బాగానే ఉంటుంది, రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టి చూస్తే ఎరుపు ఒక్కటే కుడిగోడకు కొట్టుకుని ఉంటుంది. చీర మడతల్లో గీతలన్నీ పోయి ఎర్రటి ముద్దగా వస్తుందే, అది ఇదే. అలాంటి చీర ఫ్రేములో ఎక్కువ భాగం ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి తీసి, రా ఫైల్లో మొహం వరకు లేపుకోండి. స్టేజీ మీద రంగులు మార్చే ఎల్‌ఈడీ పార్ లైట్లుంటే ముహూర్తం వరకైనా తెల్ల లైటు మీద ఉంచమని డెకరేషన్ వాళ్లకు ముందే చెప్పండి. మెజెంటా లైటు పడ్డ మొహాన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా సరిచేయలేం.

మొహం రంగును కంటితో కాకుండా అంకెలతో పట్టుకోండి. ఫోటోషాప్ ఇన్ఫో ప్యానెల్‌ను సీఎంవైకే (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు) అంకెలు చూపించేలా పెట్టి, మెరుపూ నీడా లేని చోట, నుదుటి పక్కనో బుగ్గ మీదో కర్సర్ ఉంచండి. మన చర్మానికి ఎల్లో అంకె మెజెంటా కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. మెజెంటా దాటిందంటే ప్రింటు ఎర్రగా వస్తుంది. పసుపు రాసిన నలుగు ఫోటోలకు ఈ లెక్క వర్తించదు, అక్కడ ఎల్లో ఎగబాకడమే న్యాయం. ఆ ఫోటోలు తీసేటప్పుడు ఆటో వైట్ బ్యాలెన్స్ వద్దు, పసుపును చూసి అది నీలం కలిపేస్తుంది. ఆరుబయట ఎండలోనో ఫ్లాష్‌తోనో అయితే కెల్విన్ 5500 దగ్గర కట్టేయండి. ఇంకో మాట. అమ్మాయి మొహం తెల్లగా చేయమని ఇంట్లోవాళ్లు అడుగుతారు, డిజైనర్లు మొహం ఒక్కటి తెల్లబరిచి మెడ, చెవులు, చేతులు వదిలేస్తారు. 12×36 షీట్ మీద ఇద్దరు మనుషులను అతికించినట్టుంటుంది. మా సలహా అడిగితే రంగు జోలికి పోవద్దు, వెలుతురు సర్దితే చాలు.

ఇవన్నీ కుదిరాక ల్యాబ్‌కు పరీక్ష ప్రింటు పంపండి. 8×12 ఒకటి చాలు. ఎర్రచీర, చామనచాయ మొహం, తెల్ల పంచె, బంగారం, రాత్రి స్టేజీ, పగటి ఆరుబయట ఫోటో, వీటిని ఒకే షీట్ మీద పేర్చి, పక్కన నలుపు నుంచి తెలుపు దాకా ఒక బూడిదరంగు పట్టీ పెట్టండి. కలర్ కరెక్షన్ చేయొద్దని ల్యాబ్‌లో ఖచ్చితంగా చెప్పండి, లేకపోతే ఆపరేటర్ తన కంటికి సర్దేస్తాడు, పరీక్ష వృథా. వచ్చిన ప్రింటును పగలు పదకొండు గంటలప్పుడు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట పట్టుకుని స్క్రీన్ పక్కన చూడండి. ప్రింటు ఇంకా ముదురుగా ఉంటే స్క్రీన్ వెలుతురు ఇంకాస్త తగ్గించండి, ఫైలును ముట్టుకోవద్దు. వాడే ప్రతి కాగితానికీ ఒకటి తీయించాలి. మ్యాట్ మీద నలుపు గ్లాసీ మీద దిగినంత లోతుగా దిగదు, మెటాలిక్ మీద మెరుపులు మారతాయి.

ఫైళ్లు పంపేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్ ఫైల్లోనే ఉండేలా, జేపెగ్ క్వాలిటీ 10 పైన పెట్టండి. 12×36 షీటుకు 300 డీపీఐ లెక్కన 3600×10800 పిక్సెళ్లు. అంచుల నుంచి అరంగుళం లోపలికి మొహాలు, అక్షరాలు ఉండాలి, అంచు కటింగ్‌లో పోతుంది. మధ్య మడతలో పెళ్లికొడుకు ముక్కు పడకుండా చూసుకోవడం డిజైనర్‌కు వదిలేయకండి.

కెమెరా సంగతి. మీ 6డి మార్క్ 2 ఇచ్చేది 6240×4160, అంటే 26 మెగాపిక్సెళ్లు. 12×18 పేజీకి అది అంగుళానికి 346 పిక్సెళ్లు, కావలసినదానికంటే ఎక్కువే. 36 అంగుళాల షీట్ నిండా ఒకే ఫోటో పరిస్తే 173 వస్తుంది, ఒళ్లో పెట్టుకుని చూసే ఆల్బమ్‌కు అదీ చాలు. మీరు కొనాలనుకుంటున్న ఆర్6 మార్క్ 2 ఎంతో తెలుసా? 24. ఆ కెమెరా మంచిదే, కానీ మీ ఆల్బమ్‌ల ఎరుపు, ముదురు, పోయిన డిస్కు, రావాల్సిన బాకీలు, వీటిలో ఒక్కటి కూడా దాంతో తీరదు. అది తీర్చేవి రెండు: కార్డు స్లాట్లు రెండుంటాయి, ఫోకస్ ఫ్రేము అంచుల్లో కూడా కన్నును పట్టుకుంటుంది. మీ 6డిలో ఫోకస్ పాయింట్లన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి కాబట్టి తలంబ్రాలప్పుడు మీరు పడే ఇబ్బంది మాకు అర్థమవుతుంది.

ఆ రెండు స్లాట్ల కోసమే అయితే సెకండ్ హ్యాండ్ కెనాన్ 5డి మార్క్ 4 చూడండి. మీ లెన్సులు, మీ ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీలు అలాగే పనికొస్తాయి. ఒకటి సీఎఫ్, ఒకటి ఎస్‌డీ స్లాటు. షట్టర్‌కు కంపెనీ చెప్పే ఆయుష్షు లక్షా యాభై వేల క్లిక్కులు, కొనేముందు కౌంట్ చూపించమనండి, పెళ్లిళ్లకు వాడినదైతే లక్ష దాటి ఉండటం మామూలే. మీ 6డి రెండో బాడీగా ఉంటుంది. పెద్ద పెళ్లి వచ్చినప్పుడు ఆర్6ను గుంటూరు, విజయవాడల్లో అద్దెకు తెచ్చుకుని నాలుగైదు పెళ్లిళ్లు చేసి చూడండి. ఒక్క హెచ్చరిక: మిర్రర్‌లెస్‌లో చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంది కదా అని ఎల్‌ఈడీ వాల్ ముందు వాడకండి, అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టరే వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మెయిన్స్ మీద వెలిగే లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, 1/50, 1/100 షట్టర్ దగ్గర ఇబ్బంది తక్కువ. వీడియో అతను సెకనుకు 30 ఫ్రేములు, 1/60 పెడుతుంటే 25 ఫ్రేములు, 1/50కి మార్పించండి. హాల్లో వీడియో పలచగా కొట్టుకున్నట్టు కనిపించే జబ్బు చాలావరకు దాంతో పోతుంది.

డబ్బు లెక్క మీరు రాసిన అంకెలతోనే వేద్దాం. వీడియోగ్రాఫర్‌కు 12,000, అసిస్టెంట్‌కు 4,000, ఆల్బమ్‌లు 17,000, ఎడిటింగ్ 7,000, కలిపి 40,000. మీరు రాయని పెట్రోలు, కారు, టిఫిన్లు ఇంకో 3,000 అనుకుంటే చేతిలో మిగిలేది 22,000. తీసింది రెండు రోజులే అయినా కాపీలు, ఏరివేత, కలర్, ఆల్బమ్ మార్పులకు ఇంకో అయిదు రోజులు పోతాయి. ఏడు రోజులకు 22,000, రోజుకు 3,100. ఇందులోనే స్టూడియో అద్దె, కరెంటు, సామాన్ల అరుగుదల. ఇప్పుడు ఈఎంఐ పెట్టండి: 2,60,000కు 14 శాతం మీద 24 నెలలకు నెలకు దాదాపు 12,500, ఏడాదికి లక్షన్నర, ఒక్కో పెళ్లికి 7,500. మిగిలినదాంట్లో మూడోవంతు అక్కడికే పోయింది. పైగా మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా, పుష్యం వచ్చినా బ్యాంకు ఆగదు. అప్పుకు బదులు ప్రతి పెళ్లికి 4,000 సామాను ఖాతాలో వేరుగా తీయండి. ఏడాదికి 80,000 అవుతుంది, మానిటర్, కాలిబ్రేటర్, డిస్కులు ముందు దాంతోనే రావాలి.

65,000ను ఎలా పంచుకుని తీసుకోవాలంటే: బుకింగ్ రోజు 20,000, పెళ్లికి ముందురోజు 30,000, ఆల్బమ్ డిజైన్ ఒప్పుకున్న రోజు, ప్రింటుకు పంపకముందే మిగతా 15,000. ల్యాబ్‌కు కట్టే 17,000 మీ జేబులోంచి పోకూడదు, మీ లక్షా పది వేలు ఇరుక్కున్నది అక్కడే. ఆల్బమ్ చేతికిచ్చేశాక బాకీ అడగటం ఎంత కష్టమో మీకే తెలుసు. మార్పులు రెండుసార్లకే ఉచితం అని రాయండి. ఇప్పుడు ఇరుక్కున్న నాలుగిళ్లలో వీడియో ఇంకా ఇవ్వనివి ఏవైనా ఉంటే వాటిని ముందు పూర్తిచేసి, అది తీసుకునేటప్పుడే పాత బాకీ తేల్చమనండి.

ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ ఉండాలి. చాలామంది ఫోటోగ్రాఫర్లకు తెలియనిది ఒకటి చెబుతాం: మన కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి ఎవరైనా తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసింది మీరే అయినా ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫ్లెక్సీ మీద పెట్టుకోవాలంటే ఆ మేరకు రాతలో ఉండాలి. సంతకం ఇద్దరిదీ తీసుకోండి, అమ్మాయి తరఫువాళ్లు ఒప్పుకుని అబ్బాయి తరఫువాళ్లు గొడవ పడిన సందర్భాలు తక్కువేం కాదు. ఆల్బమ్ ఇచ్చిన రోజు నుంచి ఎన్నాళ్లు ఫైళ్లు దాస్తారో, రా ఫైళ్లు ఇస్తారో లేదో, ఎన్ని గంటలు దాటితే అదనంగా ఎంతో కూడా అందులోనే. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కించిన పెళ్లి వీడియోకు క్లెయిమ్ వస్తే బాధ్యత మీది కాదని రాసుకోవచ్చు, లైసెన్సున్న సంగీతం వాడితే ఇంకా మంచిది. జీఎస్టీ గురించి మీరు అడగలేదు గానీ, 20 పెళ్లిళ్లు 65,000 చొప్పున 13 లక్షలు. స్టూడియో ఆదాయం కూడా కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు.

డ్రోన్ ఇప్పుడు వద్దు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు కావాలి, గ్రీన్ జోన్‌లో (మామూలుగా అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతం) కూడా 400 అడుగుల పైకి పోవాలంటే అనుమతి కావాలి. సర్టిఫికెట్ ఉన్న మనిషిని రోజు కూలికి పిలిపించుకుని ఖర్చు ప్యాకేజీలో విడిగా చూపించండి. మీ బావమరిదికి అంత ఆసక్తి ఉంటే ముందు శిక్షణకు వెళ్లమనండి. పిలిపించిన రోజు కూడా ఊరేగింపుకు, మండపం బయటి దృశ్యానికి వాడండి. ముహూర్తం వేళ పందిరి మీదికి తెస్తే మంత్రాలు వినబడవు, తలంబ్రాల పళ్లెంలో పూలన్నీ లేచిపోతాయి, పురోహితుడి తిట్లు వీడియోలో స్పష్టంగా రికార్డవుతాయి.